ప్రతులకు: మా ఇంటి అడ్రస్

తెలుగు కథల పుస్తకం ఏదైనా ఒకటి తీసి, లోపలి అట్ట దాటాక వచ్చే రెండో పేజీ చూడండి. 'ప్రచురణ' అన్నచోట రచయిత అమ్మ పేరుతోనో కూతురి పేరుతోనో ఒక పబ్లికేషన్స్ ఉంటుంది. దాని కింద 'ప్రతులకు' అని ఒక డోర్ నంబరు, వీధి పేరు, సెల్ నంబరు. చాలాసార్లు ఆ డోర్ నంబరు రచయిత ఇంటిదే. బీరువా పక్కనో, అటక మీదో, మంచం కిందో బ్రౌన్ పేపర్ చుట్టిన కట్టలు ఉండే ఇల్లు అది.

ఇంగ్లీషు వాళ్లు పదిహేనేళ్లుగా పెద్ద విప్లవంలా చెప్పుకుంటున్న సెల్ఫ్ పబ్లిషింగ్ మనకు కొత్తేమీ కాదు. 1874లో 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టిన కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో సొంత అచ్చుకూటమే పెట్టుకున్నారు. కాబట్టి మనం సొంతంగా పుస్తకం వేసుకోగలమా అన్నది ప్రశ్న కాదు, వేసుకుంటూనే ఉన్నాం. ఉద్యోగం మానేసి, పుస్తకాలు అమ్మగా వచ్చిన డబ్బుతో ఇల్లు గడుస్తుందా అన్నదే ప్రశ్న. దీనికి 'గడవదు' అనేసి పెదవి విరిచేవాళ్లు, 'నెలకు లక్ష సంపాదించండి' అని యూట్యూబ్‌లో ఊదరగొట్టేవాళ్లు తప్ప, కాగితం తీసి లెక్క వేసేవాళ్లు తక్కువ. వేద్దాం.

డెమీ సైజులో, అంటే మామూలు నవలల సైజులో, 200 పేజీల కథల పుస్తకం అనుకుందాం. 500 కాపీలు. డీటీపీ (కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చడం), ప్రూఫులు, కవర్ డిజైన్ కలిపి ఒక్కసారి పెట్టే ఖర్చు 15 వేలు. కాగితం, అచ్చు, బైండింగ్ కలిపి కాపీకి 80 రూపాయలు, అంటే 40 వేలు. ఊరిని బట్టి, ప్రెస్సును బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి, లెక్క కోసం ఇవి చాలు. మొత్తం 55 వేలు. అట్ట మీద ధర 200.

ఇందులో 75 కాపీలు ఊరికే పోతాయి. పత్రికల సమీక్షలకు రెండేసి కాపీలు, ముందుమాట రాసినవారికి, బొమ్మలు వేసినవారికి, అవార్డు కమిటీలకు నాలుగేసి, చుట్టాలకు, సాహితీ మిత్రులకు. మిత్రులు కొనరా అని అడక్కండి. ఆవిష్కరణ సభకు వచ్చి, రెండు గంటలు కూర్చుని, టీ తాగి, 'ఆత్మీయులకు' అని సంతకం పెట్టించుకునే మనిషి చేతిలో పుస్తకం పెట్టి 200 అడిగే ధైర్యం నాకైతే లేదు. హాలు అద్దె, శాలువాలు, మెమెంటోలు నేనీ లెక్కలో కలపలేదు. కలిపితే పుస్తకం వేయడం కంటే పెళ్లి చేయడం నయమనిపిస్తుంది.

అమ్మకానికి మిగిలినవి 425. 55 వేలను 425తో భాగిస్తే, అమ్మే ప్రతి కాపీకి పడ్డ ఖర్చు దాదాపు 129 రూపాయలు.

ఇప్పుడు దుకాణానికి ఇద్దాం. షాపు కమీషన్ 40 శాతం అనుకుంటే మన చేతికి 120. అంటే ప్రతి కాపీ మీద తొమ్మిది రూపాయలు ఎదురు పెట్టుకుంటున్నాం. ఒక్క పుస్తకం కూడా మిగలకుండా మొత్తం అమ్ముడుపోయినా నష్టమే. చాలామందికి ఈ సంగతి తెలియదు. పుస్తకాలు అమ్ముడుపోక నష్టపోయామనుకుంటారు. అమ్ముడుపోయి కూడా నష్టపోయేలా ధర పెట్టుకున్నారన్నది అసలు సంగతి.

షాపుల వాళ్లను తిట్టి లాభం లేదు. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం అన్నీ ఆ 40లోంచే. నా మొదటి పుస్తకం ఒక దుకాణంలో 50 కాపీలు పెట్టాను. రెండేళ్ల తర్వాత ఫోన్ చేసి 'సార్, మీ స్టాకు తీసుకెళ్తారా, ప్లేసు లేదు' అన్నారు. వెళ్తే 38 కాపీలు తిరిగిచ్చారు, వాటిలో తొమ్మిదింటి అట్టలకు పైన దుమ్ముగీత. అమ్ముడైన 12 కాపీల డబ్బు ఇంకో ఏడు నెలలకు వచ్చింది. ఆయన మోసం చేయలేదు. ఆయన అమ్మిన వేగమూ, నేను పప్పూ ఉప్పూ కొనుక్కోవాల్సిన వేగమూ వేరు, అంతే.

నేరుగా పాఠకుడికే పంపితే? 200కే, పోస్టేజీ మనమే భరించి. ప్యాకింగ్ కవరు, పోస్టు కలిపి 35 అనుకుంటే చేతికి 165. 425 కాపీలకు 70 వేల చిల్లర. 55 వేలు తీసేస్తే 15 వేలు మిగులుతుంది, అదీ ఏడాదో రెండేళ్లో రాసిన పుస్తకానికి. నెల జీతం కాదు, బోనస్ కూడా కాదు.

ఇక్కడితో ఆపేస్తే 'గడవదు' అనేవాళ్లదే గెలుపు. కానీ అదే పుస్తకం రెండో ముద్రణ లెక్క చూడండి. డీటీపీ అయిపోయింది, కవరుంది, ప్రూఫులు లేవు, కాంప్లిమెంటరీ కాపీలు లేవు, ఆవిష్కరణ అసలే లేదు. కాపీకి 85 అనుకున్నా, నేరుగా అమ్మితే ఒక్కోదానికి 80 రూపాయలు మిగులుతుంది. దుకాణం ద్వారా అమ్మినా 35 వస్తుంది. మొదటి ముద్రణలో నష్టం తెచ్చిన దుకాణమే ఇప్పుడు లాభం తెస్తోంది. పుస్తకాల మీద బతికేవాళ్లు ఏ దేశంలోనైనా, ఏ భాషలోనైనా, ఎక్కువగా బతికేది ఈ పాత పుస్తకాల మీదే. మన దగ్గర మాత్రం 500 కాపీలు ఎలాగో వదిలించుకుని, 'హమ్మయ్య' అని కొత్త పుస్తకానికి వెళ్లిపోతాం. ప్రతిసారీ నష్టం వచ్చే గుమ్మం దగ్గరే నిలబడతాం.

సరే, ఇల్లు గడవడానికి నెలకు 40 వేలు కావాలనుకుందాం. ఏడాదికి 4 లక్షల 80 వేలు. కాపీకి 80 చొప్పున 6,000 కాపీలు అమ్మాలి, అదీ నేరుగా. అంటే నెలకు 500. మనం ఒక ముద్రణకు వేసే మొత్తం కాపీలు నెలనెలా కదలాలి. పనిదినాలు 25 అనుకుంటే రోజుకు 20 ప్యాకెట్లు. ఒక్కోదానికి అడ్రస్ రాసి, సంతకం పెట్టి, టేపు చుట్టి, ఫోన్‌పే వచ్చిందో లేదో చూసుకోవడానికి ఐదు నిమిషాలు. రోజూ గంటా నలభై నిమిషాలు ఇదే పని. ఆపైన పోస్టాఫీసు క్యూ. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 8.11 కోట్లు. అందులో ఆరు వేలమంది దొరకరా అనిపిస్తుంది. దొరుకుతారు, కానీ వాళ్లు ఎక్కడున్నారో మీకు తెలియాలి, మీరున్నారని వాళ్లకు తెలియాలి. ఖర్చంతా ఆ తెలియడంలోనే ఉంది.

ఈ లెక్కలో ఒక్క అంకె మారిస్తే మొత్తం మారిపోతుంది. ధర 200 బదులు 250 పెట్టండి. చేతికి 215, ఖర్చు పోను 130. ఆరు వేల కాపీలు కాస్తా 3,700 అవుతాయి. యాభై రూపాయలు పెంచితే అమ్మాల్సిన పుస్తకాల్లో మూడో వంతుకు పైగా తగ్గిపోయింది. మరి ఎందుకు పెంచరు? మొహమాటం. తెలుగు పాఠకుడు పేజీకి రూపాయి అని మనసులో ఒక తూకం పెట్టుకుంటాడు, రచయిత కూడా ఆ తూకానికే భయపడతాడు. పుస్తకాల పండగలో మన పుస్తకం తిరగేసి, వెనక ధర చూసి, 'టెన్ పర్సెంటేనా డిస్కౌంట్' అని అడిగి వెళ్లిపోయిన మనిషి, బయట మిర్చి బజ్జీల దగ్గర ధర అడక్కుండానే ప్లేటు అందుకుంటాడు. ఆయన తప్పు కాదు. పుస్తకం చవకగా ఉండాలని మనమే అలవాటు చేశాం. తెలుగు పుస్తకాల ధరలు ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉన్నాయని నా అభిప్రాయం, దీనిమీద నాతో పోట్లాడే స్నేహితులు చాలామందే ఉన్నారు.

మరి ఇంగ్లీషులో ఎలా బతుకుతున్నారు? అమెజాన్ 2007లో ఈ-బుక్స్ చదువుకునే కిండిల్‌తో పాటే రచయితలు నేరుగా పుస్తకం పెట్టుకునే వీలు కూడా తెచ్చింది. అమెరికాలో 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర పెట్టిన ఈ-బుక్‌కు 70 శాతం రచయితదే. ఆ పరిధి దాటితే 35. 4.99 డాలర్ల నవల ఒకటి అమ్ముడైతే సుమారు మూడున్నర డాలర్లు. అచ్చు లేదు, అటక లేదు, చెదలు లేవు. నెలకు వెయ్యి అమ్మితే అక్కడ కూడా ఓ మాదిరి జీతం. దానికితోడు నెలచందా కట్టి ఎన్ని పుస్తకాలైనా చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్ 2014లో వచ్చింది. 2015 జూలై నుంచి అందులో పాఠకుడు చదివిన పేజీల లెక్కన డబ్బిస్తున్నారు. పేజీకి అర సెంటు కూడా రాదు, కానీ పదిహేను భాగాల సిరీస్ రాసినవాళ్లకు పేజీలే పేజీలు. అక్కడ బాగా సంపాదిస్తున్నది ఒక గొప్ప నవల రాసినవాళ్ల కంటే, రొమాన్సో ఫాంటసీయో సీరియల్‌లా ఏడాదికి నాలుగైదు భాగాలు వదిలేవాళ్లు. మన వారపత్రికల సీరియళ్ల కాలం గుర్తున్నవాళ్లకు ఈ సూత్రం కొత్తగా అనిపించదు. వచ్చే వారం దాకా పాఠకుడిని పట్టి ఉంచడమే.

అక్కడ కూడా అందరూ దొరలేం కాదు. అమెరికాలో ఆథర్స్ గిల్డ్ అనే రచయితల సంఘం 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం, రాయడమే పూర్తికాల వృత్తిగా ఉన్న రచయితల్లో సగం మందికి 2022లో పుస్తకాల మీద ఏడాదికి వచ్చింది పది వేల డాలర్లలోపే. ఈ లెక్కలో సొంతంగా వేసుకునేవాళ్లూ ఉన్నారు, ప్రచురణకర్తలున్నవాళ్లూ ఉన్నారు. ఇంకో ముచ్చట. సొంతంగా ఈ-బుక్స్ పెట్టుకుని లక్షల కాపీలు అమ్మి, ఈ దారికి నిలువెత్తు ఉదాహరణగా మారిన అమాండా హాకింగ్, 2011లో ఇరవై లక్షల డాలర్లకు పైగా ఒప్పందంతో సెయింట్ మార్టిన్స్ ప్రెస్ అనే మామూలు ప్రచురణ సంస్థలోకి వెళ్లిపోయింది. ఈమెయిళ్లు, కవర్లు, ఎడిటర్ల వెతుకులాటకు వారానికి నలభై గంటలు పోతున్నాయి, నాకు రాసుకోవాలనుంది అని ఆవిడ చెప్పిన కారణం. రోజుకు ఇరవై ప్యాకెట్ల లెక్క ఎంత పెద్ద ఊళ్లోనైనా వెంటపడుతుందన్నమాట.

తెలుగుకు ఆ దారి కూడా సరిగ్గా తెరుచుకోలేదు. 2016 చివర్లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు తలుపు తీసినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. తర్వాత తమిళ రచయితలకు అమెజాన్ పోటీలు పెట్టి బహుమతులిచ్చింది, అక్కడ ఒక ఈ-బుక్ అలవాటు పెరిగింది. మన దగ్గర కినిగె లాంటి సైట్లు, ప్రతిలిపి లాంటి యాప్‌లు, ఆడియోలో దాసుభాషితం ఆ ఖాళీని తలా కొంచెం పూడ్చాయి. కానీ తెలుగులో అందరికంటే వేగంగా పనిచేసే ఈ-బుక్ పంపిణీ వ్యవస్థ టెలిగ్రామ్ పీడీఎఫ్. దాని కమీషన్ వంద శాతం. 'మీ బుక్ చాలా బాగుందండీ, ఒక గ్రూపులో పీడీఎఫ్ వస్తే చదివా' అని ప్రేమగా మెసేజ్ పెట్టేవాళ్లకు ఏం జవాబివ్వాలో నాకిప్పటికీ తెలీదు. థాంక్సండీ అనే అంటున్నాను.

ఇక్కడ ఒక పక్కదారి పట్టాలి, ఎందుకంటే తెలుగులో సొంతంగా అచ్చేసుకుని దానిమీదే బతికేవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్లు కథలు రాయరు. అందుకే మన లెక్కలోకి రారు.

ఒకరు పంచాంగకర్తలు. ఆలోచిస్తే ముచ్చటేస్తుంది: ప్రతి ఉగాదికీ పాఠకుడి ఇంట్లో ఉన్న పుస్తకం దానంతటదే పాతబడిపోతుంది. మళ్లీ కొనాల్సిందే. సెకండ్ హ్యాండ్ బజారు లేదు, పీడీఎఫ్ ఉన్నా పూజగదిలో గోడకు తగిలించడానికి కాగితమే కావాలి. ఎప్పుడు అమ్ముడుపోతుందో నెలతో సహా తెలుసు. పైగా బట్టల షాపులు, బంగారం కొట్లు వెనక అట్ట మీద తమ పేరు వేయించుకుని వందల్లో తీసుకుని పంచుతాయి. అంటే పాఠకుడు రూపాయి పెట్టకముందే అచ్చు ఖర్చు వచ్చేస్తుంది. ప్రచురణ వ్యాపారం పాఠం చెప్పమంటే నేను పంచాంగాన్నే చూపిస్తాను.

ఇంకొకరు పోటీ పరీక్షల గైడ్లు రాసే మాస్టార్లు. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిన వారం హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లోనో, డీఎస్సీ ప్రకటించినప్పుడు అవనిగడ్డలోనో చూడండి. పాఠం చెప్పే మాస్టారే రాస్తారు, ఆయనే వేస్తారు, క్లాసు బయట బల్ల మీద ఆయనే అమ్మిస్తారు. 450 ధర పెట్టినా పేజీకి రూపాయి తూకం ఎవరూ వేయరు. కొనేవాడికి కావాల్సింది పేజీలు కాదు, ఉద్యోగం. సిలబస్ మారితే స్టాకంతా చిత్తుకాగితమే, జిరాక్స్ సెంటర్లు సగం అమ్మకాన్ని మింగేస్తాయి, నోటిఫికేషన్ కోర్టులో ఆగితే ఆ ఏడాది వడ్డీ లెక్కలే మిగులుతాయి. అయినా వాళ్లకు పాఠకులు ఎక్కడున్నారో తెలుసు, రోజూ ఉదయం తొమ్మిదింటికి ఎదురుగా కూర్చుని ఉంటారు.

కథలు రాసేవాడికి ఆ బెంచీలు లేవు. వాటిని తయారు చేసుకోవాలి. కొంతమంది ఈ మధ్య అదే చేస్తున్నారు: ఫేస్‌బుక్‌లో రోజూ రాసి, చదివేవాళ్ల నంబర్లు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో పోగేసి, పుస్తకం ప్రెస్సుకు వెళ్లకముందే ప్రీ-ఆర్డర్ పెట్టి, ఆ డబ్బుతో కాగితం కొంటున్నారు. అలాంటి జాబితాలో పదిహేను వందల పేర్లు, అచ్చులో ఎప్పుడూ దొరికే ఎనిమిదో పదో పుస్తకాలు ఉంటే లెక్క వేరేగా నడుస్తుంది. ఒకటి నచ్చినవాళ్లు మిగతావి కలిపి నాలుగు తెప్పించుకుంటారు. నాలుగు పుస్తకాలకు ప్యాకెట్ ఒకటే.

ఈ ప్యాకెట్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మన చిన్న ప్రచురణల ప్రాణం పోస్టాఫీసు తూకం మీద ఉంది. తక్కువ ధరకు పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబర్‌లో ఉన్నట్టుండి ఆపేసింది. ఆ వారం కౌంటర్ దగ్గర నాలుగు ప్యాకెట్లతో నిలబడితే, లోపలి అమ్మాయి కంప్యూటర్ చూసి 'ఆ ఆప్షన్ రావట్లేదండీ' అంది. పార్సిల్ రేటు చూస్తే, 150 రూపాయల పుస్తకానికి సగం ధర పోస్టుకే పోయేలా ఉంది. ఇంటికి తెచ్చేసుకున్నాను. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్త సర్వీసు తెచ్చారు: 300 గ్రాముల లోపు 20 రూపాయలు, ఐదు కిలోల దాకా గరిష్ఠంగా 100, పన్ను అదనం. ఆ రెండింటి మధ్య నెలల్లో ఎన్ని ఆర్డర్లు చల్లారిపోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు నేను కొత్త పుస్తకానికి కాగితం ఎంచుకునేటప్పుడు మొదట బరువు అడుగుతాను. 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) కాగితం మీద 240 పేజీలు వేస్తే, కవరుతో కలిపి 300 గ్రాములు దాటేస్తుంది. 70 జీఎస్ఎం అయితే అంచున ఆగుతుంది. ఒక కథ తీసేస్తే ఇంకా నిశ్చింత. ఎడిటర్ తీయమన్న కథను తీయను గానీ, పోస్టాఫీసు తీయమంటే ఆలోచిస్తాను.

విదేశాలకు ఇదేదీ పనికిరాదు. అమెరికాకు ఒక్క పుస్తకం పంపితే పోస్టేజీ పుస్తకం ధరకు ఎన్నో రెట్లు. అందుకే డాలస్‌లో ఉన్న పాఠకుడికి నా పుస్తకం చేరేది వాళ్ల అమ్మగారి సూట్‌కేసులో, 23 కేజీల లిమిట్‌లో ఆవకాయతో పోటీపడి. సాధారణంగా ఆవకాయే గెలుస్తుంది.

గ్రంథాలయాల మాటేమిటి అంటారు. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ లెక్కన పుస్తకాల కొనుగోళ్లు ఏటా జరగాలి, కానీ జరుగుతాయన్న నమ్మకం లేదు. ఎప్పుడొస్తుందో తెలియని ఆర్డరును నమ్ముకుని నెల బడ్జెట్ వేయలేం కాబట్టి, వస్తే లాటరీ అనుకోవడమే. ఇక రచయిత దగ్గరే డబ్బులు తీసుకుని పుస్తకం వేసిపెట్టే 'ప్యాకేజీ' సంస్థల గురించి ఒక్క మాట: వాళ్లు ఉచితంగా ఇస్తున్నామని పెద్ద అక్షరాలతో రాసే ఐఎస్‌బీఎన్‌ను, అంటే పుస్తకం గుర్తింపు నంబరును, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎవరికైనా ఉచితంగానే ఇస్తుంది. వాళ్ల ఆదాయం పాఠకుడి నుంచి కాదు, మీ నుంచి. అది తెలిసి వెళ్తే ఇబ్బంది లేదు.

నా సంగతి అడుగుతారు కాబట్టి చెప్తాను. నేను ఉద్యోగం మానలేదు. నాలుగు పుస్తకాలున్నాయి, జాబితాలో ఆరువందల పైచిలుకు నంబర్లున్నాయి. పై లెక్క ప్రకారం పూర్తికాలానికి చాలా దూరం. ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్న చర్చ వేరు. మొదటి పుస్తకం కాపీలు అయిపోయాయి, నెలకు ఎనిమిదో పదిమందో అడుగుతున్నారు. మూడొందలు రీప్రింట్ వేస్తే పాతిక వేలు పైన, అది కదలడానికి రెండున్నరేళ్లు. ప్రెస్సులో డిజిటల్‌లో యాభై వేయించుకోవచ్చు, కానీ కాపీకి 130 అడుగుతున్నారు. అదే పాతిక వేలు ఉంటే ఐదో పుస్తకం డీటీపీ, కవరు అయిపోయి, కాగితానికి కొంత మిగులుతుంది కూడా. నేను రీప్రింట్ అంటున్నాను, ధర 250 చేసి. మా ఆవిడ అటక వైపు చూసి, ముందు ఆ మూడో పుస్తకం కట్టలు రెండు దింపండి అంటోంది.